అంతటా ఉన్న దేవుడు, గుట్ట మీది వేల్పు

సర్వాంతర్యామి అన్న మాట మన పిల్లల చెవిన చిన్న తరగతుల్లోనే పడుతుంది. ప్రహ్లాదుడి కథ చెప్పేటప్పుడు వస్తుంది. చర్చికి వెళ్ళే ఇళ్ళలో ఆదివారం ప్రసంగంలోనూ వస్తుంది. అర్థం అడిగితే అందరూ ఒక్కటే చెబుతారు: అంతటా ఉండేవాడు. వాడుకలో ఆ అర్థమే స్థిరపడింది కాబట్టి మార్కు వేయాల్సిందే. కానీ ఆ మాటను విడదీసి చూస్తే అందులో ఇంకో సంగతి ఉంది. మన గుట్టలకూ, వేల్పులకూ, ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన మనవాళ్ళకూ ఆ సంగతితో పని ఉంది. అందుకే ముందు కొంచెం వ్యాకరణం చెప్పుకోవాలి.

సంధి విడదీయమంటే కొందరు పిల్లలు ‘సర్వ, అంతట’ అని మొదలుపెడతారు. ‘అంత’ అని వినబడుతుంది కదా, అంతటా అనే తెలుగు మాటే అందులో ఉందనుకుంటారు. అది కాదు. సర్వ, అంతర్యామి అన్న రెండు మాటలు కలిసి సవర్ణదీర్ఘ సంధి అయింది. అంతర్ అంటే లోపల. అంతరంగం, అంతరాత్మ అన్న మాటల్లో ఉన్నది అదే. యామి అన్న ముక్క ‘యమ్’ ధాతువు నుంచి వచ్చింది. యమ్ అంటే పట్టి ఉంచడం, అదుపులో నడపడం. నియమం, సంయమనం, నియంత, యంత్రం అన్నీ ఆ కుదురులోవే. బడిలో ఆటల పీరియడుకు వ్యాయామం అని రాస్తాం, అందులోనూ ఆ ధాతువే ఉంది. కాబట్టి అంతర్యామి అంటే లోపల ఉండి నడిపేవాడు. సర్వాంతర్యామి అంటే అన్నిటి లోపలా ఉండి నడిపేవాడు. ‘అంతటా’ అన్నది తర్వాత మనం తీసుకున్న అర్థం.

ఈ మాట పుట్టిల్లు బృహదారణ్యకోపనిషత్తు. అందులో మూడో అధ్యాయం, ఏడో భాగానికి అంతర్యామి బ్రాహ్మణం అనే పేరు. జనకుడి సభలో ఉద్దాలకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: ఈ లోకాన్నీ, పై లోకాన్నీ, ప్రాణులన్నిటినీ లోపల ఉండి నడిపేది ఎవరో నీకు తెలుసా అని. యాజ్ఞవల్క్యుడు ‘అంతటా ఉన్నాడు’ అని ఒక్క ముక్కలో తేల్చలేదు. ముందు భూమిని చెప్పాడు. భూమిలో ఉంటాడు, భూమి కంటే వేరు, భూమికి ఆయన తెలియదు, భూమే ఆయన శరీరం, లోపలి నుంచి భూమిని నడుపుతాడు అన్నాడు. తర్వాత నీళ్ళను గురించి అదే మాట. తర్వాత నిప్పు. గాలి. సూర్యుడు. దిక్కులు. చీకటి, వెలుగు. ఊపిరి, నోటి మాట, కన్ను, చెవి. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి, అదే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చదివేవాళ్ళకు విసుగు పుడుతుంది. కానీ ఆయన విసుక్కోలేదు. పేర్లన్నీ ఎత్తి ‘సర్వం’ అనే గంపలో వేసేస్తే భూమి భూమిగా, నీరు నీరుగా కనబడవని ఆయనకు తెలిసి ఉండాలి.

ఇది మన పుస్తకం కాదు కదా అని మన యువకులు అనవచ్చు. నిజమే. ఆ సభలకు మనవాళ్ళను ఎవరూ పిలవలేదు. కానీ ఒక మాటను మన మీద ప్రయోగిస్తున్నప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో, అసలు ఏం చెబుతోందో తెలిసి ఉండటం మనకు మంచిది.

అంతటా ఉండటానికి సంస్కృతంలో ఇంకో మాట ఉంది, సర్వవ్యాపి. ఆప్ అంటే అందుకోవడం, చేరుకోవడం. వి చేర్చితే వ్యాప్తి, అన్ని వైపులా చేరుకోవడం. నీరు పల్లాన్ని నింపినట్టు, జ్వరం ఊరంతా పాకినట్టు. (వ్యాపారానికీ దీనికీ చుట్టరికం లేదు, అది వేరే ధాతువు. కానీ మన సంతల్లో వ్యాపారం చేరుకున్నంత వేగంగా ఏ దేవుడూ చేరుకోలేదు.) ఇంగ్లీషు వాళ్ళ ఆమ్నిప్రెజెంట్ లాటిన్ నుంచి వచ్చింది. అందులో ఎదుట ఉండటం అన్న భావం ఉంది. ఉర్దూలో హాజిర్ నాజిర్ అంటారు: హాజరుగా ఉన్నవాడు, చూస్తున్నవాడు. ఆ హాజిరే మన బడిలో హాజరుపట్టీ అయింది. రోజూ పొద్దున్నే పిల్లల చేత పలికించే ప్రెజెంట్ అన్న మాట, మనం గీతలు కొట్టే హాజరు అన్న మాట, రెండూ ఒకప్పుడు దేవుడి మాటల్లో భాగాలు. పిల్లవాడు ‘ప్రెజెంట్ సార్’ అన్నాడంటే ఈ గదిలో, ఈ పూట ఉన్నాడని. అంతటా ఉన్నాడని ఏ పిల్లవాడికీ హాజరు వేయలేం.

ఇంతకీ ఈ మాటలన్నీ ఒకే సంగతి చెప్పడం లేదు. ఒకటి పాకడం గురించి, ఒకటి ఎదుట ఉండటం గురించి, ఒకటి చూస్తూ ఉండటం గురించి. మన తెలుగు వాడే సర్వాంతర్యామి మాత్రం లోపల ఉండటం గురించి. లోపల అనాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి. ఒక గుట్టో, ఒక వాగో, ఒక మనిషో లేకుండా లోపల ఎక్కడిది?

ప్రహ్లాదుడి కథనే చూద్దాం. పోతన భాగవతం వల్ల తెలుగు నేల మీద దాన్ని ఎరగని ఇల్లు లేదు. అందులో కొడుకు అంతటా ఉన్నాడంటాడు. తండ్రి వాదం పెంచకుండా ఒక స్తంభాన్ని చూపిస్తాడు: ఇందులో ఉన్నాడా? దేవుడు అంతటా ఉన్నాడన్న మాట నిజమో కాదో ఆ ఒక్క స్తంభం దగ్గర తేలాల్సి వచ్చింది. ఇంకెక్కడైనా ప్రత్యక్షమై ఉంటే ప్రహ్లాదుడి మాట నిలిచేది కాదు. ఆ స్తంభం ఇదేనని అహోబిలంలో ఒక కొండను చూపిస్తారు, ఉగ్రస్తంభం అని. అదే నల్లమలలో నరసింహస్వామి చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్ళాడాడని చెంచులు చెబుతారు, ఆయనను అల్లుడిగానే చూస్తారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పారువేట మొదలవుతుంది. పల్లకీ మీదకు చెంచులు బాణం వేసే ఆచారం ఉంది. ఆ తర్వాత స్వామి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి తన పెళ్ళికి జనాన్ని పిలుస్తాడు. అంతటా ఉన్నవాడు ఊరూరా తిరిగి పిలవడమేమిటని అక్కడ ఎవరూ అడగరు. పిలుపు అంటే గుమ్మం దాకా వచ్చి పిలవడమే కదా.

ఇక మన వేల్పుల దగ్గరకు వద్దాం. కోయల్లో ఏ గట్టు వాళ్ళకు ఆ గట్టు వేల్పులు ఉంటాయి. ఆ వేల్పుకు ఒక చోటు ఉంటుంది, ఒక పండుగ వేళ ఉంటుంది, కథ చిత్రించిన పడిగె ఉంటుంది, ఆ కథను డోలి వాయించి పాడేవాళ్ళు ఉంటారు. విత్తనాలు చల్లే ముందు విజ్జ పండుం చేస్తాం. అది ఈ ఊరి భూమికి చేసే పండుగ. పక్క ఊరి వాళ్ళు వాళ్ళ భూమికి చేసుకుంటారు. మేడారంలో సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తుంది, సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి గద్దెల మీదకు వచ్చి, నాలుగో రోజు వనప్రవేశం చేస్తారు. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది, కోటి మంది వచ్చినా అమ్మ వచ్చే వేళ మారలేదు, వెళ్ళే వేళ మారలేదు. ఉత్తరాన కేస్లాపూర్‌లో మెస్రం వంశం గోండులు నాగోబా కోసం జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెస్తారు. దారిలో వాగులు లేక కాదు.

మన దేవుళ్ళు వస్తారు, వెళ్తారు. ఇది విని చదువుకున్న వాళ్ళు కొందరు, మనలో కూడా కొందరు, ఒక మెట్ల లెక్క చెబుతారు. రాయికీ చెట్టుకూ మొక్కడం మొదటి మెట్టు, అంతటా ఉన్న దేవుణ్ణి తెలుసుకోవడం పై మెట్టు అని. ట్రైనింగులో ఉన్నప్పుడు మేమూ ఇలాంటి పాఠం విన్నాం. ఆ లెక్క మాకు ఒప్పదు. రెండు ప్రశ్నలు వేరు. దేవుడు ఎంత దూరం ఉన్నాడు అన్నది ఒక ప్రశ్న. నేను ఎక్కడ, ఎప్పుడు, ఎలా నడుచుకోవాలి అన్నది ఇంకో ప్రశ్న. వేల్పు రెండో ప్రశ్నకు జవాబు. ఆ చెట్టు కొట్టకూడదు, ఆ గుట్ట ఎక్కేటప్పుడు చెప్పు విప్పాలి, పండుగ కాకుండా కొత్త పంట నోట పెట్టకూడదు. నియమం అంటే ఇదే కదా. యమ్ ధాతువు చెప్పే అదుపు ఇదే కదా. అంతటా ఉన్నాడని తెలిసిన మనిషి ఆ తెలివితో ఎక్కడా చెప్పు విప్పకపోతే ఆ మెట్టు ఎంత పైనుంటే ఏం లాభం?

ఇదంతా మాటల మీద మాటలు అనిపించవచ్చు. కానీ ఈ మాటకు ఊళ్ళను కదిలించే బలం ఉంది. తిరువూరు నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా వెళ్తే జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం వస్తాయి. ఆ వైపు పోలవరం నిర్వాసితుల కాలనీలు ఉన్నాయి. ముంపు కోసమే 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని కొంత భాగం, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గోదావరి ఒడ్డు ఊళ్ళ కోయలు, కొండరెడ్లు వరుసగా కట్టిన ఇళ్ళలోకి వచ్చారు. ఇంటికి లెక్క ఉంది, భూమికి లెక్క ఉంది, మామిడి చెట్టుకు, తాటి చెట్టుకు లెక్క ఉంది. వేల్పు చోటు మాటేమిటి అని అడిగిన పెద్దవాళ్ళకు అక్కడా ఇక్కడా వినబడిన ఓదార్పు ఒకటే: దేవుడు అంతటా ఉన్నాడు, అక్కడ మొక్కుకుంటే ఏం, ఇక్కడ మొక్కుకుంటే ఏం. చెప్పినవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. మంచి మాటే అనుకుని చెప్పారు.

ఆ మాటలో మెలిక చూడండి. అంతటా ఉన్నాడంటే అక్కడ కూడా ఉన్నాడని కదా అర్థం. ఆ గుట్టలో, ఆ రేవులో, ఆ మర్రి కింద కూడా ఉన్నాడు. అంతటా అన్న మాట ప్రతి చోటుకూ విలువ పెంచాలి. వాడకంలోకి వచ్చేసరికి ఏ చోటుకూ విలువ లేకుండా చేస్తోంది. ‘అక్కడ కూడా ఉన్నాడు’ అన్నది ‘అక్కడే ఉండనక్కర్లేదు’ అయిపోతోంది. ఇంకో సంగతి, ఈ ఓదార్పు ఎప్పుడూ ఒక వైపే ప్రవహిస్తుంది. పెద్ద గుడి ఉన్న పట్నానికి వెళ్ళి, మీ దేవుడు అంతటా ఉన్నాడు కదా, ఈ గుడి నీళ్ళలో మునిగితే ఏం అని ఎవరూ అనరు. శ్రీశైలం రిజర్వాయరు కట్టినప్పుడు ఆలంపురం దగ్గరి పాత గుళ్ళను రాయి రాయి విప్పి, తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. కట్టాల్సిందే, మంచి పనే. రాతి గుడిని విప్పి కట్టవచ్చు. వాగు మలుపును విప్పి ఎక్కడ కడతారు?

చట్టానికి ఈ సంగతి బొత్తిగా తెలియదని చెప్పలేం. 2013 భూసేకరణ, పునరావాస చట్టం మూడో షెడ్యూలులో పునరావాస గ్రామానికి ఏమేం ఉండాలో రాశారు. ప్రతి 50 కుటుంబాలకు ప్రార్థనా స్థలం, రచ్చబండ ఉండాలని అందులో ఉంది. గిరిజన సంప్రదాయ సంస్థలకు విడిగా స్థలం కేటాయించాలనీ ఉంది. మన యువకులు ఆ షెడ్యూలు చదివి, తమవాళ్ళ కాలనీకి అవి వచ్చాయో లేదో చూడాలి. 50 కుటుంబాలకు ఒకటి అన్న లెక్కలో మాత్రం ఒక ఊహ ఉంది, ప్రార్థనా స్థలం బోరింగు పంపు లాంటిదని. జనం ఎంతమందో చూసి ఎక్కడైనా వేయవచ్చని.

ఇదే ప్రశ్న ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండలు. అక్కడి డోంగ్రియా కోందులు కువి మాట్లాడతారు. అదీ కోయ, గోండి, తెలుగు పుట్టిన కుటుంబంలోని భాషే. వాళ్ళ దేవుడు నియమరాజు. ఆ పేరులోనూ అదే యమ్ ధాతువు కనబడుతుంది. కొండ మీద బాక్సైటు తవ్వుతామన్నారు. దేవుడి నెలవు శిఖరం మీద, తవ్వే చోటు అక్కడికి 10 కిలోమీటర్ల దూరం అన్న సంగతి కేసులో చర్చకు వచ్చింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు చెబుతూ, ఆ 10 కిలోమీటర్ల అవతలి తవ్వకం వల్ల నియమరాజు నెలవుకు దెబ్బ తగులుతుందా అన్నది కూడా గ్రామసభలే చూడవచ్చని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి సమక్షంలో, ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండూ వద్దన్నాయి.

వాళ్ళు చెప్పిన దానిలో మాకు ఎక్కువ విలువైనదిగా తోచింది ఇది: నియమరాజు శిఖరం మీది ఒక్క రాయిలో లేడు, కొండంతా ఆయనే, ఊటలు, చెట్లు, దొన అన్నీ ఆయనవే. అంటే వాళ్ళ దేవుడూ అంతటా ఉన్నాడు. కానీ ఆ ‘అంతటా’కు ఒక ఎల్ల ఉంది. ఈ వాగు నుంచి ఆ గుట్ట దాకా. ఎల్ల ఉంది కాబట్టే దాన్ని కాపాడటం కుదిరింది. యాజ్ఞవల్క్యుడు ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పినట్టు వాళ్ళూ ఊట పేరు, చెట్టు పేరు పెట్టి చెప్పారు. ఉపనిషత్తు చదివి కాదు.

ఎల్ల అన్నాం కాబట్టి ఒక చిన్న మాట. తెలుగులో ఎల్ల అంటే హద్దు, పొలిమేర. ఎల్ల అంటే అంతా అని కూడా. ఎల్లెడలా అంటే అన్ని చోట్లా. రెండూ ఒక మాటేనని మేము చెప్పబోవడం లేదు, వినబడటం మాత్రం ఒకేలా వినబడతాయి. ఊరి పొలిమేరలో ఎల్లమ్మ ఉంటుంది. ఎల్ల కాచే అమ్మ అని ఒకరు అర్థం చెబుతారు, ఎల్లరకూ అమ్మ అని ఇంకొకరు చెబుతారు. జాతర చేసేవాళ్ళు ఈ రెండు అర్థాల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని దాటవేస్తే మన యువతకు న్యాయం చేసినట్టు కాదు. తిరువూరు షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఇక్కడ హాస్టళ్ళలో చదివే మన పిల్లలు, ఉద్యోగాలకు విజయవాడ, హైదరాబాదు వెళ్ళిన వాళ్ళు, పండుగకు సెలవు దొరకని వాళ్ళు అడుగుతున్నారు. వేల్పు ఆ గుట్ట మీదే ఉంటే ఇక్కడ మాకు ఎవరున్నారు? అంతటా ఉన్న దేవుడు హాస్టలు మంచం పక్కన కూడా ఉంటాడు కదా, అందుకే కదా మావాళ్ళు అటు పోతున్నారు? ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిని తప్పు పట్టలేం. ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఆ మాట ఇచ్చే ధైర్యం తక్కువేమీ కాదు. లంబాడీలు, ఎరుకలవాళ్ళు తరతరాలుగా తిరుగుతూ బతికినప్పుడు దేవుణ్ణి వెంట తీసుకెళ్ళారు. కోయలం పడిగెను ఎత్తుకుని ఊరేగిస్తాం. వెంట వచ్చేవి వస్తాయి.

మాకు తోచేది ఇంతే. దూరంగా ఉన్న పిల్లకు ధైర్యం చెప్పడానికి అంతటా అన్న మాటను వాడటం ఒకటి. ఊరు వదలమని పెద్దమనిషికి నచ్చజెప్పడానికి అదే మాటను వాడటం ఇంకొకటి. మొదటిది అన్నవాళ్ళు ఆ పిల్ల పక్కన కూర్చుని అంటారు. రెండోది అన్నవాళ్ళు కారెక్కి వెళ్ళిపోతారు. ఎవరు, ఎవరికి, ఏం తీసుకోబోతూ ఈ మాట చెబుతున్నారో చూడకుండా దాని అర్థం నిఘంటువులో ఎంత వెతికినా పూర్తిగా దొరకదు. ఉపాధ్యాయులం కాబట్టి పిల్లలకు ఆ చూపు నేర్పడం మన పనే. ధాతువులు చెప్పినట్టే ఇదీ చెప్పవచ్చు.

తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడు మేము ఒక పని చేస్తాం. సర్వాంతర్యామికి అర్థం రాయించాక, మీ ఇంటి దేవుడు ఎక్కడ ఉంటాడో రాయమంటాం. కొందరు గుడి పేరు రాస్తారు, కొందరు చర్చి పేరు రాస్తారు. కొందరు గోడ మీది పటం అని రాస్తారు. ఈ ఏడు ఒక కోయ పిల్లవాడు దేవుడి పేరే రాయలేదు. దారి రాశాడు. అశ్వారావుపేటలో బస్సు దిగాలి, ఆటో ఎక్కి చివరి ఊరిలో దిగాలి, చెరువు కట్ట మీద నడిచి వాగు దాటాలి, అక్కడ మూడు ఇప్పచెట్లు ఉంటాయి అని. మూడు అన్నది కొట్టేసి, పక్కన రెండు అని దిద్దాడు.